అపార్ట్‌మెంట్ కమిటీకి న్యాయమైన ఎన్నిక: ఓటు విధానాన్ని మీరే రూపొందించుకోవడం ఎలా?

మియాపూర్ దగ్గర మేముండే సముదాయంలో నాలుగు బ్లాకులు, 240 ఫ్లాట్లు. కొన్నేళ్ల కిందట కమిటీలోని తొమ్మిది స్థానాలకు ఎన్నిక జరిగింది. రెండు ప్యానెళ్లు నిలబడ్డాయి. ఒక్కో ఓటరు తొమ్మిది పేర్ల ఎదురుగా టిక్కు పెట్టాలి. 198 మంది ఓటు వేశారు. మొదటి ప్యానెల్‌లో ఒక్కొక్కరికి 104 అటూ ఇటుగా, రెండో ప్యానెల్‌లో ఒక్కొక్కరికి 90 దాకా వచ్చాయి. దొంగ ఓటు ఒక్కటీ పడలేదు, లెక్కలోనూ పొరపాటు లేదు. అయినా తొమ్మిదికి తొమ్మిది స్థానాలూ మొదటి ప్యానెల్‌కే పోయాయి. తొంభై ఇళ్లవారి తరఫున కమిటీలో ఒక్క మనిషీ లేకుండా పోయారు. తర్వాతి రెండేళ్లూ సి బ్లాకు లిఫ్టు మరమ్మతు మొదలుకొని వేసవిలో నీళ్ల ట్యాంకర్ల బిల్లు దాకా ప్రతిదీ తగాదాగానే నడిచింది. మెయింటెనెన్స్ కట్టడం మానేసినవారూ ఉన్నారు.

మరుసటి ఎన్నికకు నన్ను ఎన్నికల అధికారిగా కూర్చోబెట్టారు. నాకు పోటీ చేసే ఓపిక లేదని అందరికీ నమ్మకం కుదిరినట్టుంది. పాత కాగితాలు ముందేసుకుని చూస్తే, మనుషుల మీద వేసిన నిందల్లో సగం ఆ టిక్కు నిబంధన మీద వేయాల్సినవని అర్థమైంది. నిబంధన మార్చాక ఎన్నిక నడిచిన తీరు మారింది. ఆ పని ఎలా చేశామో, మీరు ఎలా చేసుకోవచ్చో వరుసగా చెబుతాను. కాలనీ సంక్షేమ సంఘమైనా, విల్లాల సముదాయమైనా పద్ధతి ఇదే.

మొదటి అడుగు: బైలాస్ బయటికి తీయండి

మీ సంఘం ఏ చట్టం కింద నమోదైందో ముందు చూడండి. హైదరాబాద్‌లో ఎక్కువ సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదై ఉంటాయి. ఆ చట్టానికి లోబడి ఎన్నిక ఎలా జరగాలో చెప్పేది మీ బైలాస్. చాలా చోట్ల అవి బిల్డరు కార్యాలయంలో ఎవరో ఏదో నమూనా చూసి టైపు చేయించినవే. మా బైలాస్‌లో ఎన్నిక గురించి ఉన్నది ఒకే వాక్యం: కమిటీని సర్వసభ్య సమావేశం ఎన్నుకోవాలి. ఎలా ఎన్నుకోవాలో ఎక్కడా లేదు. టిక్కుల పద్ధతి ఎవరో మొదలుపెట్టారు, అదే ఆచారమైపోయింది.

బైలాస్ మార్చాలంటే సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేసి, సవరణను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎంత మెజారిటీ కావాలి అన్నవి మీ చట్టాన్ని, బైలాస్‌ను బట్టి ఉంటాయి. సొసైటీల వ్యవహారాలు తెలిసిన న్యాయవాదికి ఒక్కసారి చూపించండి, ఆ ఖర్చు దండగ కాదు.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. నిబంధనలు రాసే సమయానికి అభ్యర్థులెవరో తెలియకూడదు. ఎన్నికకు కనీసం ఆరు నెలల ముందు ఈ పని పూర్తి చేయండి. నామినేషన్ల వేడిలో ఏ నిబంధన తెచ్చినా, అది ఎవరికి లాభమన్న లెక్కలే నడుస్తాయి. అంత ముందు ఎవరు మెజారిటీలో ఉంటారో ఎవరికీ తెలియదు కాబట్టి, ఓడినవారికి కూడా చోటుండే పద్ధతికి అందరూ ఒప్పుకుంటారు.

రెండో అడుగు: ఓటు ఎవరిది?

వినడానికి చిన్న ప్రశ్నే. మా దగ్గర మూడు సమావేశాలు తినేసింది.

ఫ్లాటుకు ఒక ఓటా, చదరపు అడుగుల లెక్కనా? మెయింటెనెన్స్ చదరపు అడుగుల లెక్కన కడుతున్నాం కాబట్టి ఓటు కూడా అలాగే ఉండాలని నాలుగు పడక గదుల ఇళ్లవారు అన్నారు. చట్టం, బైలాస్ అడ్డు చెప్పనంత వరకు ఫ్లాటుకు ఒక ఓటే మేలని నా అభిప్రాయం. లిఫ్టు ఆగితే మెట్లెక్కే కాళ్లు పెద్ద ఇంట్లోనూ చిన్న ఇంట్లోనూ ఒకటే కదా. భార్యాభర్తలిద్దరి పేరా సేల్ డీడ్ ఉంటే, ఓటెవరు వేస్తారో వాళ్లే ముందుగా ఒక కాగితం మీద రాసివ్వాలి.

విదేశాల్లో ఉన్న యజమానులు హైదరాబాద్‌లో ప్రతి సముదాయంలోనూ ఉంటారు. వాళ్ల తరఫున ఓటు వేయడానికి అధికార పత్రం ఇవ్వనిస్తే, ఒకే వ్యక్తి ఇరవై పత్రాలు పోగుచేసుకుని వచ్చే ప్రమాదముంది. పరిమితి పెట్టండి. మేము మనిషికి రెండుకు మించి ఒప్పుకోలేదు.

అద్దెకున్నవారి సంగతి కొంత ఇబ్బందికరమే. చట్ట ప్రకారం సభ్యత్వం యజమానిదే, ఓటూ ఆయనదే. కానీ మా దగ్గర మూడింట ఒక వంతు ఇళ్లలో అద్దెవాళ్లే ఉన్నారు. బోరులో నీళ్లు తగ్గితే ముందు తెలిసేది వాళ్లకే. వాళ్లు విడిగా ఒక ప్రతినిధిని ఎన్నుకుని, ఆ వ్యక్తి ఓటు హక్కు లేకుండా కమిటీ సమావేశాల్లో కూర్చునే ఏర్పాటు చేశాం. నాకు ఇంతకంటే మంచి పరిష్కారం దొరకలేదు.

బకాయిదారుల ఓటు తీసేసే నిబంధన మీ బైలాస్‌లో ఉంటే, దాన్ని ఆయుధం కానివ్వకండి. ఏ తేదీ నాటికి, ఎన్ని నెలల బకాయి ఉంటే ఓటు పోతుందో అంకెల్లో రాయండి. ఆ జాబితాను పోలింగ్‌కు మూడు వారాల ముందే నోటీసు బోర్డులో పెట్టి, కట్టేందుకు, అభ్యంతరం చెప్పేందుకు వారం గడువివ్వండి. పోలింగ్ రోజు పొద్దున జాబితాలో ఒక్క పేరు కూడా అటూ ఇటూ కాకూడదు. బిల్డరు దగ్గర అమ్ముడుపోని ఫ్లాట్లు మిగిలి ఉంటే, వాటి ఓట్ల గురించి కూడా ముందే తేల్చుకోండి. నలభై ఫ్లాట్లు ఆయన చేతిలో ఉన్నచోట కమిటీ ఎవరిదవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మూడో అడుగు: ఎన్ని స్థానాలు, ఎలా పంచాలి?

బ్లాకుకొకరు చొప్పున ఎన్నుకుంటే గొడవే ఉండదని చాలామంది అంటారు. దానిలో చిక్కుంది. ఒక్క స్థానానికి ఎన్నిక జరిగితే ఆ బ్లాకులో సగానికి ఒక ఓటు ఎక్కువ తెచ్చుకున్నవారిదే గెలుపు, మిగతా సగం ఇళ్లు గోడకు కొట్టిన సున్నమే. పైగా సముదాయంలో అభిప్రాయాలు ఎప్పుడూ బ్లాకుల వారీగానే చీలవు. కుక్కలు పెంచేవారు, పిల్లల ఆటస్థలం కావాలనేవారు, ఖర్చు తగ్గించమనే పెన్షనర్లు అన్ని బ్లాకుల్లోనూ ఉంటారు. అందుకే అందరూ కలిసి ఒకేసారి ఐదు నుంచి తొమ్మిది మందిని ఎన్నుకోవడం మంచిది. తొమ్మిది దాటితే ఓటు పత్రం చాంతాడంత అవుతుంది. మూడు కంటే తగ్గితే చిన్న వర్గాలకు చోటు దొరకదు.

ఏటా సగం మందిని మార్చే పద్ధతి కూడా కొందరికి నచ్చుతుంది. అనుభవం ఉన్నవారు కొందరు ఎప్పుడూ ఉంటారన్నది నిజమే. కానీ ఒక విడతలో ఎన్ని తక్కువ స్థానాలుంటే, ఒక్కో స్థానానికి అన్ని ఎక్కువ ఓట్లు కావాలి. చిన్న వర్గాలు అక్కడే దెబ్బతింటాయి.

మహిళలకు కనీసం ఇన్ని స్థానాలని పెట్టుకునేవారు ఆ నిబంధనను లెక్కింపు నిబంధనతో కలిపే రాయాలి. విడివిడిగా రాస్తే ఏమవుతుందో పార్వతీపురం చెబుతుంది. 1957 లోక్‌సభ ఎన్నికల్లో అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి షెడ్యూల్డు తెగలకు కేటాయించిన స్థానం, రెండోది జనరల్. ముందు కేటాయించిన స్థానాన్ని నింపి, మిగిలిన అభ్యర్థులందరిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రెండో స్థానం ఇచ్చారు. ఆ రెండోవారు కూడా షెడ్యూల్డు తెగల అభ్యర్థే. జనరల్ స్థానం తనదనుకున్న వి.వి. గిరి ఓడిపోయారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో కోర్టు ఆ ఫలితాన్నే సమర్థించింది. ఎక్కువ ఓట్లు వచ్చినవారు జనరల్ స్థానానికీ అర్హులేనన్నది న్యాయమైన మాటే, కానీ ఓడినవారు ఆ సంగతి కోర్టులో తెలుసుకోవాల్సి రావడం మంచిది కాదు. 1961లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే రద్దు చేశారు. గిరి దగ్గరికి మళ్లీ వద్దాం.

నాలుగో అడుగు: విధానం ఎంచుకోండి

ఏ లోపమూ లేని విధానం కోసం వెతకకండి. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది పోటీలో ఉన్నప్పుడు, మనం సహజంగా కోరుకునే కొన్ని షరతులన్నిటినీ ఒకేసారి తీర్చే ప్రాధాన్య క్రమ విధానం ఉండదని అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1951లోనే గణితపరంగా నిరూపించారు. కాబట్టి మీ సముదాయం ఏ లోపాన్ని భరించగలదు, ఏది భరించలేదు అన్నదే ప్రశ్న.

ఎన్ని స్థానాలుంటే అన్ని టిక్కులు పెట్టే పద్ధతి మనకు బాగా అలవాటు. లెక్క సులువు. దాని లోపం మొదట్లో చెప్పిందే, సగం కంటే కాస్త ఎక్కువ ఉన్న ప్యానెల్ మొత్తం ఊడ్చేస్తుంది. కమిటీ ఎన్నికకు ఇది భరించలేని లోపమని నా లెక్క.

ఒక్కరికి ఒక్క టిక్కే ఇచ్చి, ఎక్కువ వచ్చిన తొమ్మిది మందిని తీసుకోవడం ఇంకో దారి. ఊడ్చేయడం తగ్గుతుంది, కానీ ఒకే అభిప్రాయం ఉన్న ఇద్దరు నిలబడితే ఓట్లు చీలి ఇద్దరూ పోతారు. అందుకే ఎన్నికకు ముందు రాత్రి "మీరు తప్పుకోండి అంకుల్, ఈసారికి మావాడిని నిలబడనివ్వండి" అనే రాయబారాలు మొదలవుతాయి. తొమ్మిది స్థానాలకు మూడు టిక్కులు ఇచ్చే పరిమిత ఓటు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. లెక్కపెట్టే మనుషులు దొరక్కపోతే దానితో సరిపెట్టుకోవచ్చు.

నచ్చినవారందరికీ టిక్కు పెట్టే ఆమోద ఓటు ఒకే పదవికి బాగుంటుంది. గోడల రంగు ఎంచుకోవడానికైతే దానికి మించింది లేదు. తొమ్మిది మంది కమిటీకి వాడితే మళ్లీ పెద్ద ప్యానెలే ఊడ్చేస్తుంది.

నేను సిఫారసు చేసేది బదిలీ ఓటు, అంటే అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్య క్రమంలో అంకెలు వేయడం. ఇది పరాయి వింత కాదు. రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఇలాగే ఎన్నుకుంటారు. హైదరాబాద్‌లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు వేసినవారికి ఆ ఊదా రంగు స్కెచ్ పెన్ను గుర్తుండే ఉంటుంది. 2021లో మహబూబ్‌నగర్, రంగారెడ్డి, హైదరాబాద్ స్థానానికి 93 మంది పోటీపడి, ఓటు పత్రం దినపత్రికంత అయింది. అక్కడ ఉన్నది ఒక్క స్థానమే. రాజ్యసభలోలాగా ఎక్కువ స్థానాలున్నప్పుడే ఈ పద్ధతి బలం పూర్తిగా తెలుస్తుంది. ఐటీ కంపెనీల్లో పనిచేసే మా పొరుగువారికి నేను వేరే ఉదాహరణ చెప్పాను: కంపెనీల చట్టం 2013లోని 163వ సెక్షన్, డైరెక్టర్ల నియామకానికి దామాషా పద్ధతిని, అంటే ఓట్ల నిష్పత్తిలో స్థానాలు దక్కే పద్ధతిని, ఎంచుకునే వెసులుబాటు కల్పిస్తూ, బదిలీ ఓటును పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. ఆ మాటతో సగం మంది మెత్తబడ్డారు.

ఐదో అడుగు: మామిడిపండ్లతో లెక్కింపు నేర్పండి

నోటీసు బోర్డులో వివరణ అంటిస్తే ఎవరూ చదవరు. మే నెలలో ఒక ఆదివారం క్లబ్‌హౌస్‌లో నమూనా ఎన్నిక పెట్టాం. అందరం కలిసి తోట నుంచి మామిడిపండ్లు తెప్పించుకోవాలి. అయిదు రకాల్లో మూడింటినే ఎంచుకోవాలి. పోటీలో బంగినపల్లి, హిమాయత్, దశేరి ఒకవైపు, చిన్న రసాలు, పెద్ద రసాలు మరోవైపు. అంటే కోసుకు తినేవారి ప్యానెల్, జుర్రుకునేవారి ప్యానెల్.

80 మంది అంకెలు వేశారు. ముందు కోటా, అంటే గెలవడానికి చాలినన్ని ఓట్ల సంఖ్య, కట్టాలి. ఓట్లను స్థానాల కంటే ఒకటి ఎక్కువ సంఖ్యతో భాగించి, వచ్చిన పూర్ణాంకానికి ఒకటి కలపాలి. 80ని 4తో భాగిస్తే 20, ఒకటి కలిపితే 21. ఎందుకిలా అంటే, ముగ్గురు 21 చొప్పున తీసుకుంటే 63 అవుతాయి. మిగిలేవి 17. నాలుగోవారు ఎలా చూసినా 21 చేరలేరు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ న్యాయవాది హెన్రీ డ్రూప్ సూచించిన లెక్క ఇది.

మొదటి ప్రాధాన్యాలు ఇలా వచ్చాయి: బంగినపల్లి 27, హిమాయత్ 15, దశేరి 14, చిన్న రసాలు 13, పెద్ద రసాలు 11. ఇక్కడ ఆగి చూడండి. ఒక్క టిక్కు పద్ధతిలో మొదటి మూడూ కోత పండ్లే గెలిచేవి. మూడు టిక్కుల పద్ధతిలోనైతే కోత ప్యానెల్‌కు తలా 56, రసాలకు తలా 24. అప్పుడూ కోత పండ్లే. 80 మందిలో 24 మంది, అంటే ఒక స్థానానికి సరిపడా కోటా దాటినవారు, వేసవి అంతా ఇష్టంలేని పండ్లు తినాలి.

బదిలీ ఓటులో ఏమైందంటే, బంగినపల్లి 21 దాటింది కాబట్టి గెలిచింది. దానికి 6 ఓట్లు మిగులు. ఆ ఆరూ ఎవరివి? ఏవో ఆరు కాగితాలు తీసి పక్కన పెడితే అది అదృష్టం ఆట. అందుకే 27 కాగితాలనూ చూస్తాం. ఒక్కో ఓటు ఒక్కో రూపాయి అనుకోండి. బంగినపల్లి గెలవడానికి ప్రతి రూపాయిలో 78 పైసలు ఖర్చయ్యాయి, దాదాపు 22 పైసలు మిగిలాయి. కచ్చితంగా చెప్పాలంటే 6/27. ఆ కాగితాల్లో రెండో ప్రాధాన్యం 18 మంది హిమాయత్‌కు, 9 మంది దశేరికి ఇచ్చారు. 18ని 6/27తో గుణిస్తే 4, 9ని గుణిస్తే 2. హిమాయత్ 19కి, దశేరి 16కి చేరాయి. రాజ్యసభ లెక్కింపులో ఈ భిన్నాల బెడద లేకుండా ఒక్కో ఓటు పత్రానికి 100 విలువ కడతారు. అది మంచి చిట్కా, మీరూ వాడండి.

ఇప్పుడు 21 ఎవరికీ లేదు. అట్టడుగున ఉన్న పెద్ద రసాలను తొలగించాం. ఆ 11 కాగితాల్లో 10 చిన్న రసాలకు, 1 హిమాయత్‌కు వెళ్లాయి. చిన్న రసాలు 23తో గెలిచాయి. హిమాయత్ 20, దశేరి 16. చిన్న రసాలకు మిగులు 2 ఉంది కానీ, హిమాయత్‌కూ దశేరికీ మధ్య తేడా 4. ఆ రెండూ ఎటు పోయినా క్రమం మారదు, కాబట్టి పంచే పని లేదు. దశేరి తొలగిపోయింది, మూడో స్థానం హిమాయత్‌ది. కోత పండ్లకు రెండు, రసాలకు ఒకటి. "అయితే మా ఓటు వృథా పోలేదన్నమాట," అని పెద్ద రసాలకు ఓటేసిన ఒక పెద్దావిడ అన్నారు. నేను గంటసేపు బోర్డు మీద రాసినదాని కంటే ఆ మాట బాగా పనిచేసింది.

మా పాత ఎన్నికకు ఇదే లెక్క కట్టి చూపించాం. 198 ఓట్లు, తొమ్మిది స్థానాలు, కోటా 20. ఎవరి ప్యానెల్‌కు వాళ్లు వరుసగా అంకెలు వేసి ఉంటే 104 మందికి ఐదు స్థానాలు, 90 మందికి నాలుగు వచ్చేవి. మెజారిటీ మెజారిటీగానే ఉండేది.

నిబంధనల్లో తప్పక రాయాల్సిన సూక్ష్మాలు రెండున్నాయి. బదిలీ ద్వారా కోటా దాటినవారి మిగులును పంచేటప్పుడు ఏ కాగితాలు చూడాలి? రాజ్యసభ నిబంధనల ప్రకారం, చివరగా వచ్చి చేరిన కట్టనే చూస్తారు. అదే పాటించండి, చేత్తో లెక్కపెట్టేవారికి అదే సులువు. మహిళలకు కనీస స్థానాలుంటే, ఆ సంఖ్యను అందుకోవడం అసాధ్యం చేసే తొలగింపు జరగకూడదని రాయండి. అంటే మిగిలిన మహిళా అభ్యర్థులు కావలసినంత మందే ఉన్నప్పుడు, అట్టడుగున ఉన్నది మహిళ అయితే ఆమెను వదిలి పైనున్నవారిని తొలగించాలి.

ఆరో అడుగు: ఓటు పత్రం

పేర్లను చీటీలు తీసి వచ్చిన క్రమంలో అచ్చు వేయించండి. అక్షర క్రమం కూడా కొందరికి ఊరికే లాభమిస్తుంది. ప్యానెల్ పేర్లు వద్దు. పేరు, ఫ్లాటు నంబరు, ఫొటో చాలు. మన సముదాయాల్లో తెలుగు చదవలేనివారు ఉంటారు, ఇంగ్లిషు చదవలేని పెద్దవారూ ఉంటారు. రెండు భాషల్లోనూ, అవసరమైతే హిందీలోనో ఉర్దూలోనో కూడా ఉంచండి.

చెల్లుబాటు నిబంధన ఉదారంగా ఉండాలి. ఒకే ఒక్క పేరుకు 1 వేసినా ఓటు చెల్లాలి. 1, 2 వేసి రెండుచోట్ల 3 వేస్తే, మొదటి రెండు ప్రాధాన్యాల వరకు చెల్లాలి. ఒకే టిక్కు పెడితే? ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంది కాబట్టి దాన్ని 1గా లెక్కించాలని మేము రాసుకున్నాం. పట్టభద్రుల ఎన్నికలో అది చెల్లదు, అందుకే అంత చదివినవారి ఓట్లు కూడా ప్రతిసారీ వేలల్లో చెల్లకుండా పోతాయి. అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి, లేకపోతే సిరాను బట్టి ఎవరి కాగితమో పోల్చేవారుంటారు.

అచ్చుకు పంపేముందు అభ్యర్థులందరితో నమూనా మీద సంతకం పెట్టించండి. 2020 డిసెంబరులో జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్ ఓటు పత్రంలో సీపీఐ గుర్తు బదులు సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ మొదలయ్యాక గాని బయటపడలేదు, చివరికి రీపోలింగ్ జరపాల్సి వచ్చింది. అంత యంత్రాంగం ఉన్నచోటే అలా జరిగితే, మన ఫొటోస్టాట్ దుకాణం సంగతి ఊహించుకోండి.

వాట్సాప్ పోల్‌తో ఎన్నిక జరపవద్దు. ఎవరు ఎవరికి వేశారో గుంపంతటికీ కనిపిస్తుంది. ఆన్‌లైన్ ఫారాలు దానికంటే కొంత నయమే, కానీ ఆ ఫారం ఎవరి ఖాతాలో ఉందో ఆ వ్యక్తిని మాత్రం పూర్తిగా నమ్మాలి. కాగితాన్ని ఎవరైనా మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు. ఈవీఎంలు తయారయ్యేది మన ఈసీఐఎల్‌లోనే కదా, ఒకటి తెచ్చుకుందామని మా దగ్గర ఒకాయన సరదాగా అన్నారు. దేశం మొత్తానికి వాటిని సరఫరా చేసే రెండు సంస్థల్లో అదొకటన్నది నిజమే, కానీ వాటిలో ప్రాధాన్య అంకెలు వేసే వీలు లేదు.

ఏడో అడుగు: రోజులు, మనుషులు, పెట్టె

ఎన్నికల అధికారిగా పక్క కాలనీ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగినో ఉపాధ్యాయుడినో పిలవండి. నన్ను పెట్టడం మావాళ్లు చేసిన తప్పు. నేను ఎవరికీ ఓటేయకపోయినా, నా ఫ్లాటు ఏ బ్లాకులో ఉందో అందరికీ తెలుసు. నోటీసు నుంచి పోలింగ్ దాకా నెల రోజులు సరిపోతాయి. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో సగం ఇళ్లకు తాళాలుంటాయి కాబట్టి ఆ వారాలు వదిలేయండి. నోటీసు ఇచ్చిన రోజు నుంచి పాత కమిటీ కొత్త కాంట్రాక్టులు ఇవ్వకూడదు, వాచ్‌మన్‌లను ప్రచారానికి వాడకూడదు.

ఏకగ్రీవం మీద మనవాళ్లకు మోజెక్కువ. తొమ్మిది స్థానాలకు తొమ్మిది నామినేషన్లే వస్తే సంతోషించే ముందు, పదోవారిని ఎవరైనా ఇంటికి వెళ్లి బతిమాలారేమో కనుక్కోండి.

లెక్కింపు అదే రోజు, అందరి కళ్లముందు జరగాలి. ఒకరు చదవాలి, ఒకరు చూడాలి, ఇద్దరు విడివిడిగా రాయాలి. ప్రతి రౌండు అంకెలను బోర్డు మీద వేసి మొత్తం సరిపోయిందో చూశాకే తర్వాతి రౌండుకు వెళ్లండి. మా మొదటి లెక్కింపు 16 మంది అభ్యర్థులతో మూడు గంటలు పట్టింది. సమానమైతే ముందటి రౌండులో ఎవరు వెనకబడ్డారో వారిని తొలగించండి. అక్కడా సమానమైతే చీటీ తీయాల్సిందే.

ఎనిమిదో అడుగు: పదవులు, ఖాళీలు

అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారిని నేరుగా సభ్యులే ఎన్నుకోవచ్చు, లేదా గెలిచిన తొమ్మిది మంది తమలోంచి ఎన్నుకోవచ్చు. రెండోది నాకు ఇష్టం, ఎందుకంటే కలిసి పనిచేయాల్సినవారు వాళ్లే. ఒకే పదవి కాబట్టి ఇక్కడ కూడా అంకెలే వేసి, సగం దాటేవరకు అట్టడుగువారిని తొలగిస్తూ పోవాలి. ఇందులో మొదటి విడత లెక్క చూసి తొందరపడకూడదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి పోటీపడ్డారు. గెలవాలంటే 4,18,169 ఓట్ల విలువ కావాలి. మొదటి ప్రాధాన్యాల్లో గిరికి వచ్చినవి 4,01,515 మాత్రమే. మిగతా అభ్యర్థుల కాగితాల్లోని రెండో ప్రాధాన్యాలు కలిశాకే 4,20,077తో గెలిచారు. పార్వతీపురంలో ఎక్కువ ఓట్ల లెక్కకు ఓడిన మనిషి, పన్నెండేళ్ల తర్వాత అంకెల లెక్కతో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు.

కోశాధికారి మాత్రం అధ్యక్షుడి ప్యానెల్ నుంచి కాకుండా ఉంటే మంచిదని మేము రాయని నియమంగా పెట్టుకున్నాం. కార్పస్ ఫండ్ గురించి పుకార్లు సగం తగ్గాయి.

మధ్యలో ఎవరైనా రాజీనామా చేస్తే? కమిటీయే ఎవరినో చేర్చుకునే పద్ధతి పెడితే, ఓటుతో వచ్చిన నిష్పత్తి చేర్పుతో పోతుంది. ఆ ఒక్క స్థానానికి మళ్లీ ఎన్నిక పెట్టినా అది పెద్ద ప్యానెల్‌కే దక్కుతుంది. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో ఇలాంటప్పుడు పాత ఓటు పత్రాలనే మళ్లీ తీస్తారు. వెళ్లిపోయిన సభ్యుడిని గెలిపించిన కాగితాలను తీసుకుని, ఓడినవారిలో ఎవరికి తర్వాతి ప్రాధాన్యం ఇచ్చారో లెక్కపెడతారు. అందుకే ఓటు పత్రాలను పదవీకాలం పూర్తయ్యేదాకా, గెలిచినవారి కట్టలుగా విడివిడిగా సీలు వేసి దాచాలి. లెక్కింపు ముగిశాక అన్నీ కలిపి ఒక సంచిలో వేస్తే ఈ దారి మూసుకుపోతుంది.

మాకు పద్నాలుగో నెలలోనే దాని అవసరం వచ్చింది. ఒక సభ్యుడికి పుణెకు బదిలీ అయింది. మూడు సీళ్ల పెట్టె తెరిచి ఆయన కట్ట తీశాం. ఓడినవారిలో నలుగురే ఇంకా ఆసక్తి ఉందన్నారు. ఆ నలుగురి పేర్లే చూస్తూ లెక్కపెడితే ఇరవై నిమిషాల్లో తేలిపోయింది: సి బ్లాకు మూడో అంతస్తులో ఉండే ఒక లెక్కల టీచరమ్మ. ఆవిడ కింద ఓటర్ల జాబితా పట్టుకుని నిలబడి ఉన్నారు, లెక్క సరిచూడటానికి వచ్చారట. కట్టను మళ్లీ పెట్టెలో పెట్టి, మూడు సీళ్లూ వేసి, క్లబ్‌హౌస్ బీరువాలో పెట్టాం.